ఈశాన్యపు చుక్క

గురజాల స్టేషన్ రోడ్డులో గురునాథం కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చెప్తారు. అక్కడ చివరిసారి ఏం కొన్నారని అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు. వాళ్ళని అని లాభం లేదు. నాలుగడుగులు వేస్తే ఏసీ బజారుంది. అక్కడ బుట్ట చేతికిచ్చి, ఏది కావాలంటే అది ముట్టుకుని చూసుకోనిస్తారు. గురునాథం కొట్లో ముట్టుకునేదేమీ లేదు. ముందొక నాపరాయి బల్ల, దాని వెనక ఆయన, ఆయన వెనక పప్పుల డబ్బాలు. మనకేం కావాలో చెప్పాలి, ఆయన మోకాళ్ళు పట్టుకుని లేవాలి, వెతికి తీసివ్వాలి. ఈ కాలంలో అంత ఓపిక ఎవరికుంది?

పొద్దున పాలప్యాకెట్లకీ, సాయంత్రం పిల్లల బిస్కెట్లకీ కాస్త సందడి. మధ్యలో ఏమీ ఉండదు. ఎండాకాలమైతే మరీను. పేపర్లో రెంటచింతల ఎండ గురించి వేస్తారు గానీ, దాని పక్కనున్న గురజాల ఎండ తక్కువేం తినలేదు. మధ్యాహ్నం పూట రోడ్డు మీద మనిషి కనిపిస్తే వాడికేదో ఆపద వచ్చిందనే అనుకోవాలి. అలాంటి వేళ గురునాథం ఫ్యాను కిందకి కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, ఫోను తీసి ఆకాశం చూస్తూ కూర్చునేవాడు.

పట్టపగలు ఆకాశంలో ఏం కనపడుతుందని మీకు అనుమానం వస్తే అది సహజమే. ఊళ్ళో వాళ్ళకీ వచ్చింది. ఆయన చూసేది కంటికి కనపడే ఆకాశం కాదు. ఎక్కడో ఆఫ్రికా కొసన, మనిషి మసలని ఎడారిలో, ఒక్కోటీ ఇంటంత యాంటెన్నాలు వరసగా నిలబెట్టారు. ఆకాశంలోంచి వచ్చే రేడియో తరంగాలని అవి పట్టుకుంటాయి. వాటికి పగలూ రాత్రీ తేడా లేదు, మబ్బు అడ్డం కాదు. పట్టుకున్నదాన్ని కంప్యూటర్లు బొమ్మగా మారుస్తాయి. నల్లటి బొమ్మ, దాని నిండా సన్నటి రవ్వలాంటి మచ్చలు, మధ్య మధ్య తెల్లగా మెరిసే చుక్కలు. ఒక్కో చుక్కా మనదిలాంటి ఇంకో పాలపుంత నడిబొడ్డు. మనమెవరం పుట్టకముందు అక్కడ బయల్దేరిన తరంగాలు ఇప్పటికి వచ్చి చేరుతున్నాయి.

ఆ చుక్కల్లో చాలావాటి వెలుగు మారదు. కొన్ని మాత్రం ఉన్నట్టుండి పెరుగుతాయి, తగ్గుతాయి, ఒక్కోసారి పూర్తిగా పోతాయి. అలా మారేవి ఏవో పట్టుకోగలిగితే అక్కడ ఏం జరిగిందో శాస్త్రవేత్తలు వెతుక్కుంటారు. నల్లబిలం ఏదన్నా మింగిందా, మధ్యదారిలో ఏ వాయువో అడ్డం వచ్చి అలా మినుకుమనిపించిందా, లేకపోతే యాంటెన్నాలకే జబ్బు చేసిందా అని. యంత్రాలు పట్టుకుంటాయి గానీ మోసపోతాయి కూడా. అందుకని ఓపికున్న మామూలు మనుషుల కళ్ళు కావాలి. దేశదేశాల్లో ఇలా ఖాళీగా కూర్చున్న వాళ్ళందరికీ ఫోన్లలో ఆ బొమ్మలు పంచుతారు. జీతం లేదు. గురునాథానికి అది అభ్యంతరం కాలేదు, ఎందుకంటే అప్పటికి కొట్లో కూర్చున్నందుకూ పెద్దగా వస్తున్నదేమీ లేదు.

ఈ పనిలో ఆయన్ని దించింది ఏంజెల్. శావల్యాపురం పిల్ల, ఇక్కడ డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే కాంట్రాక్టు లెక్చరరు. కొట్టుని ఆనుకునే ఉన్న గురునాథం ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేది. ఒక పక్క పాఠాలు చెప్తూ, ఇంకో పక్క ఈ చుక్కల మీదే పీహెచ్‌డీ చేసుకుంటూ, తెలుగువాళ్ళ కోసం ఆ ఫోను అప్లికేషన్లో మాటలన్నీ తెలుగులోకి మార్చింది. మార్చినవి సామాన్యుడికి అర్థమవుతాయో లేదో చూడాలిగా? కిందికి దిగితే కనపడే సామాన్యుడు గురునాథమే.

"బాబాయ్, ఇది ఒకసారి చూసి పెట్టండి," అని ఫోను బల్ల మీద పెట్టింది.

"రేడియో అంటున్నావు, పాటలేమన్నా వస్తయ్యా?" అన్నాడాయన.

"పాటలు రావు బాబాయ్."

"మరి వార్తలు?"

"వార్తలే అనుకోండి. బాగా పాతవి."

అలా మొదలైంది. బొమ్మ పక్కన ఒక పటం ఉంటుంది. ఆ చుక్క వెలుగు ఏ వారం ఎంత ఉందో అందులో ఎడమ నుంచి కుడికి గుర్తులు పెట్టి చూపిస్తారు. గుర్తులు వరసలో ఉంటే నిలకడ, ఎగుడుదిగుడుగా ఉంటే మార్పు. చూసి, కింద ఉన్న బటన్లలో ఒకటి నొక్కాలి. నిలకడగా ఉంది. మారుతోంది. బొమ్మ పాడైంది. ఆరిపోయింది. చెప్పలేను. ఇంతే పని.

ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఇందులో ఒక కిటుకుంది. చుక్క వెలుగు పెరిగినట్టు కనపడగానే సంబరపడిపోకూడదు. చుట్టుపక్కల చుక్కలు కూడా చూడాలి. అన్నీ కలిసి పెరిగితే అది యాంటెన్నా లోపం, ఒక్కటే పెరిగితే నిజం. కాలేజీ పిల్లలకి ఈ ముక్క బోర్డు మీద గీసి చెప్పినా ఎక్కేది కాదట. గురునాథానికి చెప్పనవసరం లేకపోయింది. బజారంతా బేరాలు తగ్గితే అది వానల తప్పు, నీ ఒక్కడికే తగ్గితే అది నీ తప్పు. ఈ లెక్క ఆయనకి ఈమధ్యే బాగా వంటబట్టింది.

ఆయన భార్య రాజేశ్వరి పోయిన ఏడాది అది. పిల్లల్లేరు. ఇద్దరు మనుషుల ఇంట్లో ఒక మనిషి పోతే సగం ఇల్లు మిగులుతుందనుకుంటాం గానీ, అలా మిగలదు. పొద్దున కాఫీ కలుపుకుంటే ఎక్కువైపోయేది. అలవాటు చొప్పున రెండు గ్లాసులు తీసేవాడు, ఒకటి మళ్ళీ లోపల పెట్టేవాడు. వచ్చేపోయేవాళ్ళు కూడా తగ్గిపోయారు. దానికి కారణం ఒకటుంది, అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

గురునాథం దాదాపు కొట్లోనే పుట్టి పెరిగినవాడు. కొట్లో పెరిగే పిల్లవాడికి అక్షరాల కంటే ముందు వచ్చే చదువు ఒకటుంది. లేదు అనే మాట నోట రాకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. బెల్లం లేకపోతే రేపు బండొస్తదనాలి. కొట్టు మూశామనకూడదు, కట్టేశామనాలి. దీపం పోతే కొండెక్కిందనాలి. చిన్నప్పుడు ఒక సాయంత్రం ఎవరో పసుపు అడిగితే గురునాథం "లేదు" అనేశాడు. వాళ్ళ నాన్న బేరం ముందు పల్లెత్తు మాట అనలేదు. మనిషి వెళ్ళాక చెవి పట్టుకుని లక్ష్మీదేవి పటం ముందు నిలబెట్టాడు. ఆ చెవి నొప్పి ఎప్పుడో పోయింది, భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

రాజేశ్వరి నర్సరావుపేటలో ఆసుపత్రిలో కన్నుమూస్తే, నూజెండ్లలో ఉన్న ఆమె చెల్లెలు ఉషకి ఫోను చేసింది గురునాథమే. చేసి ఏమన్నాడు? "మీ అక్కకి కొంచెం బాగాలేదు, వీలు చూసుకుని రామ్మా," అన్నాడు. మామూలుగా ఇలాంటప్పుడు సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరమంటారు, వినేవాళ్ళు అర్థం చేసుకుంటారు. ఈయన నోటికి ఆ మాటలు కూడా రాలేదు. ఉష ఆయన చెప్పింది చెప్పినట్టే నమ్మింది. వీలు చూసుకుని, మర్నాడు, అక్క కోసం బత్తాయిలు కొనుక్కుని వచ్చింది. అప్పటికి అన్నీ అయిపోయాయి. అక్క ముఖం చూడనివ్వలేదని ఆవిడ గుమ్మంలో కూలబడి ఏడ్చిన ఏడుపు వీధంతా విన్నది. ఆ తరవాత ఆవిడ ఈ గుమ్మం తొక్కలేదు, ఆ వైపు చుట్టాలూ తొక్కలేదు. గురునాథాన్ని చూస్తే నాకు ఒక్కోసారి జాలేస్తుంది, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. ఆ రోజు సంగతి తలుచుకుంటే రెండూ కలిసి వస్తాయి.

ఇక మిగిలింది ఏంజెల్. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, మేడ మెట్లెక్కే ముందు కొట్టు ముందు ఆగి, "ఇవాళ ఎన్ని చూశారు బాబాయ్?" అనేది. ఆయన రోజంతా నోరు విప్పేది ఆ కాసేపే. చూసినవన్నీ చెప్పేవాడు. ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడి, చెప్పు సరిచేసుకుంటూ, అన్నీ వినేది. ఒక్కోసారి పైకెళ్ళి టీ పెట్టుకుని రెండు గ్లాసులతో దిగేది. ఆ పలకరింపు కోసమే గురునాథం మధ్యాహ్నమంతా చుక్కలు చూసేవాడని నేనంటే ఆయన ఒప్పుకోడు గానీ, నిజం అదే.

ఆ చుక్కల్లో ఒకదాని మీద ఆయనకి మమకారం పెరిగింది. ఒక బొమ్మలో కుడివైపు పైమూలన ఉండేది. దానికి ఈశాన్యపు చుక్క అని పేరు పెట్టుకున్నాడు. ఏంజెల్ పడీపడీ నవ్వింది. "ఆకాశం పటాల్లో తూర్పు ఎడంపక్క ఉంటది బాబాయ్. మీ చుక్క ఈశాన్యం కాదు, వాయవ్యం," అంది.

"ఆకాశానికి వాస్తు తెలవకపోతే నేనేం చేసేదమ్మా," అన్నాడు. పేరు మాత్రం మార్చలేదు.

ఆ చుక్క చాలాకాలం నిలకడగా ఉండి, ఒక వేసవిలో పెరగడం మొదలుపెట్టింది. చుట్టుపక్కలవి ఎక్కడివక్కడే ఉన్నాయి. మారుతోంది అని నొక్కాడు. కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా ఇంకొంచెం వెలిగేది. ఆ రోజుల్లో గురునాథం ముఖం కూడా కాస్త వెలిగింది. బిస్కెట్లకొచ్చిన పిల్లలకి ఫోను చూపించి, "ఇదిగో ఇది నాది," అనేవాడు. వాళ్ళకి అందులో ఏం కనపడుతుంది, పాపం! చూసి, తలూపి, బిస్కెట్లు తీసుకుని పోయేవాళ్ళు.

చలికాలానికి చుక్క తగ్గడం మొదలైంది. తగ్గడం కూడా మార్పే కాబట్టి అదే బటను నొక్కుతూ వచ్చాడు. తరవాత అది చుట్టూ ఉన్న రవ్వమచ్చల్లో కలిసిపోయింది. కొత్త బొమ్మ వచ్చింది. మూల నల్లగా ఉంది. గురునాథం బొమ్మని పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, ఫోను వెలుగు పెంచాడు. ఆ తరవాత చెప్పలేను అని నొక్కాడు. మళ్ళీ వచ్చిన బొమ్మకీ అదే నొక్కాడు. ఆ మళ్ళీ వచ్చినదానికీ అంతే.

మళ్ళీ ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఏంజెల్ కాలేజీ నుంచి ముందే వచ్చేసింది. మేడెక్కకుండా తిన్నగా కొట్లోకి వచ్చి, బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. ముఖంలో నవ్వు లేదు.

"బాబాయ్, ఒకటడుగుతా. ఆరిపోయింది అనే బటను మీరెప్పుడన్నా నొక్కారా?"

గురునాథం బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. "అవసరం రాలేదమ్మా."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడానా?"

"కనపడనప్పుడు చెప్పలేనని పెడుతున్నా. అబద్ధమేం లేదుగా? ఇవాళ కనపడలా. రేపు కనపడొచ్చు. నేనెట్టా చెప్పేది?"

"రేపటి సంగతి ఎవరూ అడగట్లా బాబాయ్. ఈ బొమ్మలో ఉందా, లేదా. అంతే అడుగుతున్నారు."

తరవాత ఆ పిల్ల అసలు సంగతి చెప్పింది. ఈ పనిలో పాతవాళ్ళ మాటకి బరువెక్కువ. ఎక్కువకాలం, ఎక్కువ శ్రద్ధగా చూసినవాళ్ళు ఔనంటేనే చుక్క శాస్త్రవేత్తల దాకా వెళ్తుంది. గురునాథం అలాంటి పాతవాడు. కొత్తవాళ్ళు ఎంతమంది ఆరిపోయింది అని నొక్కినా, ఈయన చెప్పలేను అనేసరికి ఆ చుక్క ఎటూ తేలకుండా వేలాడుతోంది. ఈశాన్యపు చుక్క ఒక్కటే కాదు, అలాంటివి చాలా ఉన్నాయి. ఆరిపోతున్నప్పుడే పెద్ద టెలిస్కోపులతో చూడాలి, చూస్తేనే అక్కడ ఏం జరిగిందో తెలుస్తుంది. పూర్తిగా చల్లారాక చూడటానికేం ఉండదు. కొన్ని అప్పటికే చల్లారిపోయాయి.

"నా పీహెచ్‌డీ సగం వాటి మీదే ఉంది బాబాయ్," అంది ఏంజెల్. "ఎందుకు తేలట్లేదో అర్థంకాక ఏడాది కొట్టుకున్నా. తీరా చూస్తే మా కిందింట్లోనే ఉన్నారు మీరు."

ఇంకొకటి కూడా ఉంది. ఒక బటను అసలు నొక్కనివాళ్ళని ప్రోగ్రామే పట్టేస్తుందట. ఆ మనిషి చూసినవన్నీ మొదటి నుంచీ కొట్టేస్తారు. గురునాథం పేరు ఆ జాబితాలోకి వచ్చింది. కొట్టేయకుండా ఉండాలంటే, జవాబు తెలిసిన పాత బొమ్మలు కొన్ని, తేలకుండా వేలాడుతున్నవి కొన్ని కలిపి మళ్ళీ పంపుతారు. వాటిని ఉన్నది ఉన్నట్టు చెప్తే సరే.

గురునాథం మళ్ళీ బల్ల తుడవడం మొదలుపెట్టాడు. ఏంజెల్‌కి ఏదో తట్టింది. వాళ్ళ అమ్మమ్మ కూడా దీపం ఆర్పమనేది కాదు, చిన్నది చెయ్యమనేది.

"ఆ మాట వల్లనా బాబాయ్? తెలుగులో ఆ మాట పెట్టింది నేనే. మార్చేస్తాలే. కనపడట్లేదు అని పెడతా."

"మాటదేముందమ్మా," అన్నాడు గురునాథం. "బటను మీద సున్నా చుట్టినా నొక్కేది నేనేగా. నేను నొక్కితే దాన్ని మీరు తీసేస్తారు. ఇంక ఎవరికీ చూపించరు. ఇన్నాళ్ళూ చూసి చూసి, అది లేదని నా చేత్తో నేనే ఎట్టా చెప్పేది?"

"మనం చూస్తున్నామని వెలగట్లేదు బాబాయ్ అది. మనం చూడటం మానేస్తే ఆరేదీ కాదు. ఎప్పుడో జరిగిపోయింది. భూమ్మీద మనిషి పుట్టకముందే జరిగిపోయింది. ఇప్పటికి కబురొచ్చింది, అంతే. వచ్చిన కబురు ఆపి మీరేం చేస్తారు?"

ఏంజెల్‌కి ఉష సంగతి తెలియదు. ఈ ఇంట్లోకి ఆమె వచ్చింది ఆ తరవాతే. చుక్క గురించి అన్నదే తప్ప ఇంకేమీ లేదు. కానీ కబురు ఆపితే ఏమవుతుందో ఆయనకి తెలిసినంతగా గురజాలలో ఇంకెవరికీ తెలియదు.

పాత బొమ్మలు మర్నాడే వచ్చాయి. గురునాథం మధ్యాహ్నం అన్నం తినకుండా కుర్చీలో కూర్చున్నాడు. రోడ్డు ఎండకి తెల్లగా మండుతోంది. ఎవరైనా వస్తే బాగుండునని ఆ రోజు ఆయన కోరుకున్నంతగా ఎప్పుడూ కోరుకోలేదు. ఒక అగ్గిపెట్టె అడిగినా చాలు, లేచి, వెతికి, ఇచ్చి, చిల్లర వెతుకుతూ కాస్త సతాయించి కాలం గడిపేవాడు. ఎవరూ రాలేదు.

మొదటివి తేలిగ్గా అయిపోయాయి. నిలకడ, నిలకడ, పాడైన బొమ్మ. తరవాత తెలిసిన బొమ్మ వచ్చింది. పక్కన పటంలో గుర్తులు కొండెక్కి దిగినట్టు దిగి, అడుగుకి చేరి, అక్కడే పాకుతున్నాయి. చుట్టుపక్కల చుక్కలన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. కుడివైపు పైమూల నల్లగా ఉంది. అక్కడ ఏమీ లేదని చిన్నపిల్లాడైనా చెప్తాడు.

వేలు చెప్పలేను మీదికి పోయింది. అలవాటు అలాంటిది. గురునాథం వేలు వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు.

ఆసుపత్రిలో ఆ రోజు ఆయన మంచం పక్కనే ఉన్నాడు. రాజేశ్వరి ఊపిరి ఆగడం ఆయన కళ్ళతో చూశాడు. డాక్టరు వచ్చి, "మా ప్రయత్నం మేం చేశామండీ," అన్నాడు. నర్సు, "మనసు గట్టి చేసుకోండి," అంది. కార్డు మీద వైకుంఠ సమారాధన అని వేశారు. పలకరించడానికొచ్చినవాళ్ళు ఇలా జరగాల్సింది కాదన్నారు. ఎలా జరిగిందో ఎవరూ అనలేదు. రాజేశ్వరి చచ్చిపోయింది అనే మాట ఇన్నేళ్ళలో ఒక్క మనిషి కూడా ఆయన ముందు అనలేదు. ఆయన కూడా అనుకోలేదు. అందుకే రెండో గ్లాసు ఇంకా రోజూ బయటికి వస్తూనే ఉంది.

గురునాథం నొక్కాడు. ఈసారి వేలు ఆరిపోయింది మీదే పడింది. తెర మీద ధన్యవాదాలు అని వచ్చింది. ఎంత తేలిగ్గా అన్నదో చూడండి, పావుకిలో పంచదార కొన్నట్టు! వెంటనే ఇంకో బొమ్మ వచ్చేసింది. గురునాథం దాన్ని చూడలేదు. ఫోను బల్ల మీద బోర్లించి, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నిజానికి అది ఎప్పుడో రావాల్సిన ఏడుపు. ఆ సాయంత్రం బిస్కెట్లకొచ్చిన పిల్లలు కట్టేసి ఉన్న కొట్టు చూసి తిరిగిపోయారు.

రెండు రోజుల్లో మిగిలినవి కూడా చూసేశాడు. వేలాడుతున్న చుక్కలన్నీ ఒక్కొక్కటిగా తేలాయి. ఆయన చూసినవి కొట్టేయలేదు. ఈశాన్యపు చుక్క జనం ఫోన్లలోంచి వెళ్ళిపోయింది. ఎక్కడో పెద్ద టెలిస్కోపు దాని వైపు తిరిగి, మిగిలిన కాస్త వేడిమిని పట్టుకుందని ఏంజెల్ చెప్పింది. అక్కడ నల్లబిలం ఒక నక్షత్రాన్ని చీల్చి మింగి ఉంటుందని వాళ్ళ ఊహ. ఆ పిల్ల ఆ చుక్కల మీద పరిశోధనా వ్యాసం రాసింది. చివర్లో గురునాథం పేరు వేసి, తెచ్చి చూపించింది. ఇంగ్లీషులో తన పేరు అంత పొడుగుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

కొత్త చుక్కలు వచ్చాయి. గురునాథం చూస్తూనే ఉన్నాడు. ఉన్నది ఉందని, లేనిది లేదని నొక్కుతున్నాడు. ఇప్పుడు దేనికీ పేరు పెట్టుకోలేదు. సాయంత్రం కాగానే ఏంజెల్ కొట్టు ముందు ఆగేది, చెప్పు సరిచేసుకుంటూ వినేది. అది ఒక్కటి చాలనుకున్నాడు. మనిషి ఇంతకంటే ఏం కోరుకుంటాడు?

ఆ వ్యాసం ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరెవరు చదివారో, వానలు మొదలయ్యాక పుణే నుంచి ఒక పరిశోధన సంస్థవాళ్ళు ఏంజెల్‌ని పిలిచారు. ఇంటర్వ్యూ చేశారు. ఆ చుక్కల గురించే అడిగారట. ఉద్యోగం ఇచ్చారు. ఇకమీదట కాంట్రాక్టు రెన్యువలు కోసం ఎవరి గుమ్మం దగ్గరా నిలబడనక్కర్లేదు. ఏంజెల్ ఆ కబురు చెప్పినప్పుడు గురునాథం డబ్బా మూత తీసి పటికబెల్లం ముక్క చేతిలో పెట్టాడు. సంతోషపడ్డాడు. పైకి మాత్రమే కాదు, నిజంగానే పడ్డాడు. ఆ పిల్ల పైకెళ్ళాక డబ్బా మూత పెట్టడం మర్చిపోయాడు, చీమలు పట్టాయి.

వెళ్ళే రోజు పొద్దున ఆటో వచ్చింది. రెండు పెట్టెలు, పుస్తకాల మూట, ప్లాస్టిక్ బకెట్. నిన్నటి నుంచీ మేడమీద అడుగుల చప్పుడు, సామాను జరుపుతున్న చప్పుడు. ఇప్పుడవేమీ లేవు. ఆటోవాడు మూట వెనక సీట్లో సర్దుతుంటే ఏంజెల్ కొట్టు ముందుకి వచ్చింది. గది తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"గది కడిగేశా బాబాయ్. కిటికీ రెక్క ఒకటి బిగుసుకుపోయింది, చూసుకోండి."

"సరేలేమ్మా. ఎక్కడన్నా టిఫిన్ చెయ్యి. ఖాళీ కడుపుతో పోబాక."

"చేస్తా. చుక్కలు మానెయ్యొద్దు. నేను అక్కడి నుంచి కూడా చూస్తుంటా మీరేం నొక్కారో."

"మాననులే."

ఆటోవాడు హారను కొట్టాడు. ఏంజెల్ చున్నీ సర్దుకుంది.

"వెళ్ళొస్తా బాబాయ్."

గురునాథం తలూపలేదు. ఆ పిల్ల ముఖం వంకే చూశాడు.

"ఎక్కడికొస్తావమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "సెలవలిస్తే మీ శావల్యాపురం పోతావు. గురజాల నీకు దారి కూడా కాదు. మళ్ళీ రావు నువ్వు. నీ తప్పేం లేదు, అట్టాగే ఉండాల. పోతున్నా బాబాయ్ అని చెప్పు. నేను ఇనగలను ఇప్పుడు."

ఏంజెల్ నోరు తెరిచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఇదే బల్ల దగ్గర నిలబడి ఆయనకి నేర్పిన పిల్ల. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోతున్నా అనే మాట మాత్రం పెదవి దాటి రాలేదు. ఆటోవాడు మళ్ళీ హారను కొట్టాడు.

"వెళ్ళొస్తా బాబాయ్," అంది మళ్ళీ, ఈసారి ఇంకా చిన్నగా.

గురునాథం మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మంచిదమ్మా," అన్నాడు. "వెళ్ళిరా."